5 వారాల్లో 3 ట్రైల్ అల్ట్రాలు: రేసుకీ రేసుకీ మధ్య ఏం చేయాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. రెండేళ్లుగా ట్రైల్స్ మీద, అంటే కొండ, అడవి దారుల్లో, పరిగెడుతున్నారు. 50 కిలోమీటర్ల రేసులు నాలుగు, 80 కిలోమీటర్లది ఒకటి పూర్తి చేశారు. వారానికి 70 కిలోమీటర్ల అలవాటుంది. ఇప్పుడు వరసగా మూడు అల్ట్రాలకు, అంటే మారథాన్ కంటే పొడవైన రేసులకు, పేరిచ్చారు: మొదట 50, రెండు వారాలకు 80, ఆపైన మూడు వారాలకు 100 కిలోమీటర్లు. మధ్యలో లాంగ్ రన్లు ఎన్ని పెట్టుకోవాలి, ఫిట్‌నెస్ పోకుండా ఎంత పరిగెత్తాలి అని అడిగారు. ఒక స్నేహితుడు పూర్తిగా విశ్రాంతి తీసుకోమన్నాడని, ఇంకొకరు వారాంతపు లాంగ్ రన్ మాత్రం మానొద్దన్నారని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు. మొదటి రేసుకీ రెండో రేసుకీ మధ్య లాంగ్ రన్ ఒక్కటీ వద్దు. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఒక్కటి చాలు, అది కూడా రెండు గంటల్లో ముగించాలి. ఇంత తక్కువేమిటి అనిపిస్తుంది. కానీ మీరు భయపడుతున్నది అసలు పోని ఫిట్‌నెస్ గురించి. రెండు మూడు వారాలు తక్కువ పరిగెత్తినంత మాత్రాన ఊపిరితిత్తుల, గుండె సామర్థ్యం చెప్పుకోదగ్గంత పడిపోదు. పైగా మధ్యలో 50, 80 కిలోమీటర్ల రేసులున్నాయి. అంతకంటే పెద్ద లాంగ్ రన్ ఏముంటుంది? పోయేది వేరే ఉంది. తొడ కండరాల బలం. ఈ మూడు రేసుల్లో మీరు కాపాడుకోవాల్సింది దాన్నే. నేను రాయబోయేదంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

కొండ ఎక్కేటప్పుడు కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది. ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది, కానీ కండరానికి పెద్దగా దెబ్బ తగలదు. దిగేటప్పుడు అలా కాదు. ఒక్కో అడుగుకీ తొడ ముందు కండరాలు బ్రేక్ వేస్తాయి, అంటే సాగుతూనే బరువు మోస్తాయి. కండరపు పోగులు దెబ్బతినేది అక్కడే. దిగుడులో ఆయాసం ఉండదు కాబట్టి ఆ సంగతి మనకు తెలియదు, హాయిగా ఉందనుకుని వేగం పెంచుతాం. మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది.

ఆ దెబ్బ ఎంత పెద్దదో ఆల్ప్స్‌లోని మోంట్ బ్లాంక్ చుట్టూ జరిగే యూటీఎంబీ రేసులో పరిశోధకులు కొలిచి చూశారు. 166 కిలోమీటర్లు, 9,500 మీటర్ల ఎక్కుడు, అంతే దిగుడు. రేసు ముగిసేసరికి తొడ కండరాల గరిష్ఠ బలం సుమారు 35 శాతం తగ్గింది. ఇందులో సగం కథ కండరంలో ఉంటే, మిగతాది మెదడులో ఉంది. కండరాన్ని పూర్తిగా పనిచేయించే నాడీ సంకేతమే బలహీనపడుతుంది. ఆ బలం దాదాపు మామూలు స్థితికి రావడానికి 16 రోజుల దాకా పట్టింది. మీ 50 కిలోమీటర్ల రేసు అంత పెద్దది కాదు, నష్టం కూడా అంత ఉండదు. కానీ మీకున్నవి 14 రోజులే.

ఇంకో సంగతి కలిపి చూడండి. నొప్పి మూడో రోజుకల్లా తారస్థాయికి వెళ్లి, ఐదారు రోజుల్లో పోతుంది. బలం మాత్రం ఇంకా వెనక్కి రాదు. అంటే నొప్పి పోయిన రోజుకీ కండరం నిజంగా కోలుకున్న రోజుకీ మధ్య వారం పైగా తేడా ఉంటుంది. ఆ వారంలో మనిషికి ఏ నొప్పీ ఉండదు, ఉత్సాహం ఉంటుంది, పరిగెత్తకపోతే ఏదో పోగొట్టుకుంటున్నానన్న టెన్షన్ ఉంటుంది. వరస రేసులు చెడేది ఎక్కువగా ఆ వారంలోనే.

నా మొదటి సిరీస్ అలాగే చెడింది. అవీ మూడు రేసులే, ఐదు వారాలే. మొదటి రేసు చివర 9 కిలోమీటర్ల దిగుడు ఉంది. కాళ్లు తేలికగా ఉన్నాయి, ముందున్నవాళ్లను ఒక్కొక్కరినీ దాటుకుంటూ దిగాను. అనుకున్నదానికంటే 25 నిమిషాల ముందు చేరాను. చాలా ఆనందపడ్డాను. ఆరో రోజుకు నొప్పి పోయింది, కొండ దారిలో 22 కిలోమీటర్లు పరిగెత్తాను. ఆ రోజు కూడా బాగానే అనిపించింది. రెండో రేసులో 45వ కిలోమీటరు దగ్గర ఒక పొడవాటి దిగుడు మొదలైంది. నాలుగడుగులు వేసేసరికి తొడలు నన్ను మోయలేదు. ఊపిరి ఉంది, ఆకలి లేదు, దాహం లేదు, మనసు స్థిమితంగా ఉంది, అయినా మోకాలు వంగితే నిలబడడం లేదు. మిగిలిన దిగుళ్లన్నీ పక్కకు తిరిగి, అడ్డంగా అడుగులు వేస్తూ దిగాను. కటాఫ్‌కు, అంటే రేసు ముగించాల్సిన గడువుకు, పావుగంట ముందు చేరాను. అలా వంకరగా నడవడం వల్ల కాలిఎముక ముందువైపు, వేలితో తాకి చూపించగలిగే ఒక చోట నొప్పి మొదలైంది. దాన్ని పట్టించుకోకుండా మూడో రేసు మొదలుపెట్టి 38వ కిలోమీటరులో ఆపేశాను. స్కాన్‌లో ఎముక సన్నగా చిట్లిందని తేలింది. రెండు నెలలు పరుగు లేదు. మూడో రేసు కాళ్లు మొదటి రేసు చివరి దిగుడులోనే పోయాయని నాకు అర్థం కావడానికి ఆ రెండు నెలలు పట్టింది.

భయపెట్టడానికి చెప్పలేదు ఇదంతా. మీరు తలపెట్టింది సాధ్యమే. దీనికి శరీరంలోనే ఒక ఏర్పాటుంది. దిగుడులో ఒకసారి దెబ్బ తిని కోలుకున్న కండరం, అదే రకం దెబ్బను తర్వాత కొన్ని వారాల పాటు చాలా బాగా తట్టుకుంటుంది. మొదటిసారి మంచం దిగనివ్వని దిగుడు, మూడు వారాల తర్వాత కాస్త పట్టినట్టు అనిపించి పోతుంది. వరస రేసులు చేసినవాళ్లలో చాలామంది రెండో రేసులో దిగుళ్లు తేలికగా అనిపించాయని చెప్పడానికి కారణం ఇదే. అయితే ఈ రక్షణ మీకు పనికి రావాలంటే మొదటి దెబ్బ చిన్నదిగా ఉంటే మేలు, అది మానడానికి సమయం ఇవ్వాలి. మానకముందే మళ్లీ రేసు మొదలుపెడితే, ఆ రక్షణ ఉన్నా బలం తక్కువగానే ఉంటుంది.

అమెరికాలో గ్రాండ్ స్లామ్ ఆఫ్ అల్ట్రారన్నింగ్ అని ఒకటుంది. వెస్టర్న్ స్టేట్స్, వెర్మాంట్, లెడ్‌విల్, వాసాచ్ ఫ్రంట్ అనే నాలుగు 100 మైళ్ల రేసులు ఒకే వేసవిలో పూర్తి చేయాలి. జూన్ చివర మొదలై సెప్టెంబర్‌లో ముగుస్తుంది. మధ్య విరామాలు సుమారు మూడు, ఐదు, మూడు వారాలు. 1986లో, రేసుల జాబితా కాస్త వేరుగా ఉన్నప్పుడు, టామ్ గ్రీన్ మొదటిసారి స్లామ్ పూర్తి చేశాడు. 2013లో ఇయాన్ షార్మన్ నాలుగింటినీ కలిపి 70 గంటల లోపే ముగించాడు. వీటిలో మొదటిదైన వెస్టర్న్ స్టేట్స్‌లో ఎక్కుడు సుమారు 5,500 మీటర్లు అయితే దిగుడు 7,000 మీటర్లు. అంటే తొడలకు అన్నిటికంటే కష్టమైన పరీక్ష సిరీస్ మొదట్లోనే వస్తుంది. స్లామ్ పూర్తి చేయాలనుకునేవాళ్లు ఆ మొదటి రేసులో ఎంత వేగంగా పరిగెత్తగలనా అని కాక, ఎంత తక్కువ దెబ్బతో బయటపడగలనా అని ఆలోచించాల్సి వస్తుంది. మీ 50 కిలోమీటర్ల రేసును కూడా మీరు ఆ కళ్లతోనే చూడాలి.

మీరు అమెరికన్ అల్ట్రారన్నర్ కోర్ట్నీ డౌవాల్టర్ పేరు ప్రస్తావించారు కాబట్టి ఒక మాట. 2023లో ఆమె మహిళల విభాగంలో వెస్టర్న్ స్టేట్స్, మూడు వారాలకు హార్డ్‌రాక్ అనే మరో 100 మైళ్ల కొండ రేసు, ఆ తర్వాత సెప్టెంబర్ మొదట్లో యూటీఎంబీ గెలిచింది. ఒకే ఏడాది ఆ మూడింటినీ గెలిచిన మొదటి వ్యక్తి ఆమె. వెస్టర్న్ స్టేట్స్‌ను 15 గంటల 29 నిమిషాల్లో ముగించి, మూడు వారాల్లో సుమారు 10,000 మీటర్ల ఎక్కుడున్న హార్డ్‌రాక్‌లో నిలబడడం మామూలు విషయం కాదు. ఆమెను చూసి స్ఫూర్తి పొందండి. కానీ ఆమె విరామాలను మీ విరామాలతో పోల్చుకోకండి. ఆ కాళ్ల వెనక ఎన్నో ఏళ్ల కొండ పరుగులున్నాయి.

ఇప్పుడు మీ మూడు రేసుల సంగతి. మొదట తేల్చుకోవాల్సింది, ఈ మూడింటిలో మీకు నిజంగా కావలసింది ఏది అన్నది. మీ మాటల్ని బట్టి 100 కిలోమీటర్లదే అనిపిస్తోంది. అయితే మిగతా రెండింటిలో టైం గురించి ఇప్పుడే ఆశ వదిలేయండి. మూడింటిలోనూ మంచి టైం కావాలంటే కుదరదు. ఈ నిర్ణయం ఇంట్లో ఉండగానే తీసుకుని ఒక కాగితం మీద రాసుకోండి. స్టార్ట్ లైన్ దగ్గర నిలబడ్డాక మనసు మారిపోతుంది.

50 కిలోమీటర్ల రేసులో మీ మామూలు టైంకు 40 నిమిషాలు కలుపుకోండి. ఎక్కుడంతా నడవండి, చదునులో పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో ఉండండి. దిగుడులో జాగ్రత్త పడాల్సింది వేగం ఒక్కటే కాదు, అడుగు పొడవు కూడా. చిన్న అడుగులు, త్వరత్వరగా. పాదం శరీరానికి ముందుగా దూరంగా పడకుండా, దాదాపు మీ కిందే పడాలి. మడమతో నేలను తన్ని ఆగుతున్నారంటే తొడ మీద పూర్తి భారం పడుతున్నట్టే. మరీ నెమ్మదిగా, ప్రతి అడుగుకూ ఆగుతూ దిగినా అదే నష్టం. నీళ్లు జారినట్టు దిగాలి. రేసు అనుమతిస్తే పోల్స్ (ఊతంగా వాడే చేతికర్రలు) తీసుకెళ్లండి. వాటిని ఎక్కుడుకే వాడేవాళ్లు ఎక్కువ, కానీ నిటారు దిగుడులో అవి మోకాళ్ల మీద నుంచి తీసే భారం తక్కువేం కాదు. చివరి ఐదు కిలోమీటర్లలో మిమ్మల్ని చాలామంది దాటిపోతారు. పోనివ్వండి.

తిండి విషయంలో మాత్రం ఈ రేసును పూర్తి రేసులాగే తీసుకోండి. గంటకు 60 గ్రాముల పిండిపదార్థాలు, కడుపుకు అలవాటుంటే 80, 90 దాకా. 50 కిలోమీటర్లే కదా, అంత తినకపోయినా గట్టెక్కుతాను అనుకోవచ్చు, నిజమే, గట్టెక్కుతారు. కానీ ఖాళీ కడుపుతో ముగించిన రేసు నుంచి కోలుకోవడం ఆలస్యమవుతుంది. దెబ్బతిన్న కండరంలో గ్లైకోజెన్, అంటే అక్కడ నిల్వ ఉండే ఇంధనం, మామూలు కంటే నెమ్మదిగా నిండుతుంది. పైగా 100 కిలోమీటర్ల రోజున ఏది అరుగుతుందో, ఏది వికారం తెస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం లేదు. రేసులో ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో ఆ రాత్రే రాసి పెట్టుకోండి.

నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. గంటకు ఇన్ని అని లెక్క పెట్టుకుని బలవంతంగా తాగొద్దు. అతిగా తాగితే రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్స్ కిందికి పడిపోయి తలనొప్పి, వాంతులు, గందరగోళం, చివరికి ప్రాణాపాయం దాకా వెళ్లవచ్చు. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటూ, కడుపులో నీళ్లు కదులుతున్నట్టు ఉంటే తాగడం తగ్గించండి.

పాదాల గురించి ఒకే రేసు చేసేవాళ్లకు ఇచ్చే సలహా వేరు, మీకిచ్చేది వేరు. ఒకే రేసైతే 40వ కిలోమీటరులో వచ్చిన బొబ్బను భరించి ముగించేయవచ్చు. మీకు 14 రోజుల్లో ఇంకో రేసుంది. చర్మం చిట్లిన బొబ్బ పూర్తిగా మానడానికి పది రోజులు సులువుగా పడుతుంది. కాబట్టి పాదంలో ఎక్కడైనా వేడిగా, మంటగా అనిపించిన వెంటనే ఆగి, షూ విప్పి, టేప్ వేయండి. ఐదు నిమిషాలు పోతే పోనివ్వండి. తొడల మధ్య, చంకల దగ్గర ఒరుసుకునే చోట్ల వాసెలిన్ మొదటినుంచే రాయండి. గోళ్లు రేసుకు మూడు రోజుల ముందు కత్తిరించి, అంచులు నున్నగా అరగదీయండి. చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ, నాకు తెలిసినవాళ్లలో ఒకరు రెండో రేసు వదులుకున్నది కేవలం ఒక కాలివేలి వల్లే.

నొప్పి మాత్రల గురించి గట్టిగా చెప్పాలి. రేసులో ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. వెస్టర్న్ స్టేట్స్‌లో చేసిన ఒక అధ్యయనంలో అది వేసుకున్నవాళ్లకు కండరాల నొప్పి ఏమీ తగ్గలేదు, ఒంట్లో వాపు సూచికలు మాత్రం పెరిగాయి. 2017లో వెలువడిన ఇంకో అధ్యయనంలో 80 కిలోమీటర్ల పరుగులో ఐబుప్రోఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి కిడ్నీల మీద తాత్కాలిక దెబ్బ కనిపించింది, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అది 34 శాతం. కండరం కరిగి ఆ వ్యర్థాలన్నీ కిడ్నీల మీద పడుతున్న సమయంలో వాటికి రక్తప్రసారం తగ్గించే మందు వేసుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఐదు వారాల్లో మూడుసార్లు ఆ పని చేయకండి. రేసు తర్వాత మూడు రోజుల దాకా కూడా దానికి దూరంగా ఉండండి.

రేసు తర్వాత మూత్రం రంగు చూడండి. ముదురు పసుపు అయితే నీళ్లు తక్కువైనట్టు. కాఫీ, కోలా రంగులో ఉంటే, లేదా చాలా గంటల పాటు మూత్రం రాకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. అది కండరాల నుంచి వచ్చిన ప్రోటీన్ కిడ్నీలను అడ్డుకుంటున్న సూచన కావచ్చు. ఇంకో మాట: వేరే ఏ కారణంగానైనా ఆ వారంలో రక్తపరీక్ష చేయించుకుంటే, అల్ట్రా పరిగెత్తినట్టు డాక్టరుకు ముందే చెప్పండి. మామూలుగా 200 లోపు ఉండే క్రియేటిన్ కైనేజ్ (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 100 మైళ్ల రేసు తర్వాత 20 వేలు దాటడం కూడా జరుగుతుంది. కారణం తెలియకపోతే డాక్టరు కంగారు పడతారు.

ఇక ఆ 14 రోజులు. మొదటి నాలుగు రోజులు పరుగు అసలు వద్దు. నడవండి, రోజుకు అరగంట, చదునుగా ఉన్నచోట. పూర్తిగా మంచం మీద పడుకోమన్న స్నేహితుడి మాటలో నేను ఒప్పుకోనిది అదొక్కటే. కాళ్లలో రక్తం కదలాలి. ఈత వచ్చు అంటే పుండ్లు మానాక ఈత మంచిది. ఐస్ బాత్, మసాజ్ వంటివి హాయినిస్తే చేసుకోండి, కానీ వాటివల్ల కండరం రెండు రోజులు ముందుగా మానుతుందని ఆశపడకండి. నేను గట్టి మసాజ్‌ను మొదటి మూడు రోజులు చేయించుకోను, దెబ్బతిన్న కండరాన్ని పిసకడం నాకు సరైనదనిపించదు.

నిద్రను మాత్రం నిజంగా మందులాగే చూడండి. రేసు అయిన రాత్రి చాలామందికి నిద్ర పట్టదు. కాళ్లు లాగుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లు వేడిగా ఉంటుంది. దానికి భయపడొద్దు. ఆ తర్వాతి ఐదారు రాత్రులు మీ మామూలు నిద్రకు గంట కలపండి, వీలైతే మధ్యాహ్నం అరగంట పడుకోండి. ఆఫీసు పని, ప్రయాణాలు ఆ వారంలోకి తోసి పెట్టుకోకండి. సిరీస్ కోసం సెలవు తీసుకోవాలంటే చాలామంది రేసు ముందు రోజు తీసుకుంటారు. నేనైతే రేసు అయిన మర్నాడు, ఆ తర్వాతి రోజు తీసుకోమంటాను.

తిండి తగ్గించొద్దు. పరుగు తగ్గింది కదా, బరువు పెరుగుతానేమో అని ఈ రోజుల్లో తక్కువ తినేవాళ్లను చూశాను. గాయం మానడానికి కూడా శక్తి కావాలి. శరీర బరువులో కిలోకు 1.6 నుంచి 2 గ్రాముల ప్రోటీన్, రోజంతా నాలుగు పూటలుగా. రేసు అయిన మూడు నాలుగు రోజులు ఆకలి విపరీతంగా వేస్తుంది, దాని మాట వినండి. కాళ్లు, చీలమండలు ఉబ్బి తూకంలో ఒకటి రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. అది నీరే, వారంలో పోతుంది. ఈ ప్రశ్న చదువుతున్న మహిళా రన్నర్లెవరైనా ఉంటే, నెలసరి ఆగిపోవడాన్ని శిక్షణలో భాగంగా తీసుకోకండి. తిండి సరిపోవడం లేదని, ఎముకలు బలహీనపడే దారిలో ఉన్నారని శరీరం చెప్పే స్పష్టమైన సూచన అది. సిరీస్ ఆపి డాక్టర్ని కలవాలి.

ఐదో రోజున మెట్ల పరీక్ష చేయండి. ఒక మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, ఇంకో పాదం కింది మెట్టును తాకేదాకా నెమ్మదిగా, మూడు సెకన్లు పట్టేలా దిగండి, మళ్లీ పైకి లేవండి. ఒక్కో కాలికి పది. తొడ వణికినా, మోకాలు లోపలికి వాలినా, చివర్లో ధబ్బున పడినట్టు దిగినా కండరం ఇంకా సిద్ధంగా లేదు, నొప్పి ఉన్నా లేకపోయినా. ఆ రోజు కూడా నడకే. పది సార్లూ నిలకడగా వచ్చాక 30 నిమిషాల చదును పరుగు. ఆ తర్వాత రోజు విడిచి రోజు 40 నిమిషాల దాకా. పదో రోజున మాత్రం 45 నిమిషాల పరుగులో చిన్న దిగుడు కలపండి, 100 మీటర్ల ఎత్తు చాలు. కండరాన్ని బలపరచడానికి కాదు, ఎలా ఉందో చూడడానికి. పదకొండో రోజు నుంచి మళ్లీ విశ్రాంతి. మొత్తం లెక్కేస్తే రెండు వారాల్లో పరుగు మూడు గంటలు కూడా దాటదు. సరిగ్గా అంతే ఉండాలి.

ఉదయం మంచం దిగక ముందు నాడి చూసుకునే అలవాటు ఈరోజు నుంచే చేసుకోండి, మీ మామూలు అంకె తెలియడానికి. రేసు తర్వాత అది నిమిషానికి ఎనిమిది పది దాకా ఎక్కువ ఉండవచ్చు. వారానికి తగ్గకపోతే ఏదో తేడా ఉందని అర్థం. దగ్గు, జలుబు కూడా ఈ రోజుల్లోనే పట్టుకుంటాయి. 1982లో దక్షిణాఫ్రికాలోని 56 కిలోమీటర్ల టూ ఓషన్స్ రేసు తర్వాత రెండు వారాల్లో పరిగెత్తినవాళ్లలో మూడో వంతు మందికి గొంతు, ముక్కు ఇన్ఫెక్షన్లు వచ్చాయి, వాళ్ల ఇళ్లలో పరిగెత్తనివాళ్లలో అది 15 శాతమే. మీ విరామం కూడా సరిగ్గా రెండు వారాలే. జనం కిక్కిరిసిన చోట్లకు వెళ్లడం తగ్గించి, చేతులు కడుక్కుంటూ ఉంటే మంచిది. జ్వరం వస్తే మాత్రం, ఒక్కరోజు వచ్చినా, 80 కిలోమీటర్ల రేసు మొదలుపెట్టవద్దు. జ్వరంతో అంతసేపు పరిగెత్తడం గుండెకు ప్రమాదం.

రెండో రేసులో మొదటి పది కిలోమీటర్లు మీకు ఏమీ చెప్పవు. విశ్రాంతి వల్ల, జనం వల్ల అందరికీ బాగానే ఉంటుంది. నిజం మొదటి పొడవైన దిగుడు చివర తెలుస్తుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగి, నిలబడి, మోకాళ్లు సగం వంచి లేవండి. తొడలు గట్టిగా ఉన్నాయా, మెత్తబడ్డాయా తెలిసిపోతుంది. మెత్తబడితే అప్పటినుంచి ప్రతి దిగుడూ నడకే. కటాఫ్‌లను ఎయిడ్ స్టేషన్ (దారిలో తిండి, నీళ్లు ఇచ్చే చోటు) వారీగా ముందే రాసుకుని ఉంటే, అలా నడిచినా ఎంత సమయం మిగులుతుందో అక్కడికక్కడే లెక్క కట్టుకోవచ్చు. నేను చేతి మీద పెన్నుతో రాసుకుంటాను, అలసినప్పుడు కాగితం వెతికే ఓపిక ఉండదు.

ఆగిపోవాల్సిన సందర్భాలు కూడా ముందే నిర్ణయించుకోండి. నడక తీరు మార్చేసే నొప్పి. ఎముక మీద వేలితో చూపించగలిగే ఒకే చోట నొప్పి. కోలా రంగు మూత్రం. ఏమీ కడుపులో నిలవకుండా రెండు మూడు గంటలు గడవడం. వీటిలో ఏది వచ్చినా తర్వాతి ఎయిడ్ స్టేషన్‌లో ఆపేయాలి. అలసట, మనసు దిగజారడం, వర్షం, చలి, వెనకబడడం, ఇవి కారణాలు కావు, ఇవి తినీ కూర్చునీ దాటేయగలిగినవి. ఈ రెండు రకాలనూ రాత్రి వేళ, అరవై కిలోమీటర్ల తర్వాత వేరు చేయడం కష్టం. మీ క్రూలో, అంటే రేసులో మీకు తోడుగా సాయం చేసే బృందంలో, ఉన్నవాళ్లకు ఈ జాబితా ముందే చెప్పి, నిర్ణయం వాళ్లకు అప్పగించండి. రెండో రేసులో డీఎన్ఎఫ్ తీసుకుని, అంటే మధ్యలోనే ఆపేసి, మూడోది బాగా ముగించినవాళ్లు నాకు తెలుసు. సిరీస్ పూర్తి కాలేదన్న బాధ ఉంటుంది, ఆ బాధ నిజమే. కానీ మీకు కావలసింది 100 కిలోమీటర్లని మొదట కాగితం మీద రాసుకున్నారు కదా.

తర్వాతి మూడు వారాల్లో మొదటి పది రోజులు ఇంతకు ముందు చెప్పినట్టే, ఒక రెండు రోజులు ఎక్కువ విశ్రాంతితో. మెట్ల పరీక్ష ఏడో రోజున. అన్నీ బాగుంటే పదకొండు, పన్నెండు రోజుల దగ్గర రెండు గంటల పరుగు ఒకటి, 300 మీటర్ల ఎక్కుడు దిగుడుతో, 100 కిలోమీటర్ల రోజున వేసుకునే షూ, బ్యాగ్, హెడ్‌ల్యాంప్‌తో, చీకటి పడ్డాక. వంద కిలోమీటర్లలో మీకు ఎక్కువ కొత్త అనుభవం రాత్రే. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు గంటల మధ్య ఒంట్లో వేడి తగ్గుతుంది, ఆకలి చచ్చిపోతుంది, దారి గుర్తులు కళ్ల ముందు ఉన్నా కనిపించవు. ఆ రెండు గంటల పరుగు వేగం కోసం కాదు, ఆ దీపపు వెలుగులో రాళ్లు ఎలా కనిపిస్తాయో కాళ్లకు అలవాటు చేయడం కోసం.

మీరు అడగలేదు గానీ, రెండో రేసు అయిన వారానికి ఒక దిగులు కమ్ముతుంది. ఎందుకు ఒప్పుకున్నాను, ఇంకోసారి ఆ కొండ ఎక్కాలా అనిపిస్తుంది. షూ చూస్తేనే విసుగు వస్తుంది. నాకు ప్రతి సిరీస్‌లోనూ వచ్చింది. అది మీ పట్టుదల తగ్గిందని కాదు, శరీరం ఇంకా మరమ్మతులో ఉందని. మూడు నాలుగు రోజులు పరుగు మాట ఎత్తకుండా ఉంటే చాలాసార్లు దానంతటదే పోతుంది. ఆ దిగులుతో పాటు నిద్ర కూడా చెడి, ఉదయపు నాడి కూడా దిగకుండా, మెట్ల మీద కాలు కూడా వణుకుతూ ఉంటే, మూడూ కలిస్తే, అప్పుడు మూడో రేసు వదులుకోవడం గురించి నిజాయితీగా ఆలోచించాలి. ఇంట్లోవాళ్లను కూడా చూసుకోండి. ఐదు వారాలు మీ బ్యాగులు సర్దుతూ, ఎయిడ్ స్టేషన్లలో రాత్రంతా మేలుకుని ఎదురుచూసేవాళ్లకు కూడా అలసట ఉంటుంది. మూడు రేసులకూ ఒకరే క్రూ ఉండకుండా పని పంచండి.

సామాను విషయం త్వరగా చెప్పేస్తాను. రేసు అయిన మర్నాడే అన్నీ ఉతికి, లెక్క చూసి, తర్వాతి రేసుకు బ్యాగ్ సర్దేయండి. హెడ్‌ల్యాంప్ చార్జింగ్, అయిపోయిన టేప్, జెల్స్, ఇవన్నీ చివరి రెండు రోజులకు వదిలేస్తే నిద్ర పోతుంది. షూ రెండు జతలు ఉండాలి, రెండూ ముందే వాడినవై ఉండాలి. రెండో జత సైజు అర అంకె పెద్దది తీసుకోండి, 60వ కిలోమీటరు తర్వాత పాదం ఉబ్బుతుంది.

మొదటి రేసు ముగిశాక ఐదో రోజు, పదో రోజు మెట్ల పరీక్ష ఎలా వచ్చిందో, ఉదయపు నాడి ఎంత ఉందో నాకు రాయండి. 80 కిలోమీటర్ల రేసు కొండ పటం కూడా జతచేయండి. మొదటి పొడవైన దిగుడు ఎక్కడ వస్తుందో, అక్కడికి ఏ వేగంలో చేరాలో మీ అంకెలు చూసి చెబుతాను.